కడలిలో విడిచిన కోపము

'క్షమ' యను పదమునకు సంస్కృతమున రెండర్థములు కలవు. ఒకటి ఓర్పు, రెండవది భూమి. నాగలితో చీల్చినను, గునపముతో త్రవ్వినను భూమి మాఱుపలుకక పంట నిచ్చును గావున ఓర్పునకు భూమియే తగిన పోలిక యని పెద్దలు చెప్పుదురు. పోలిక బాగుగనే యున్నది గాని దానియం దొక లోపము కలదు. భూమికి నొప్పి లేదు, మనుష్యునకు కలదు. నొప్పి యెఱుగనివాని యోర్పు గొప్ప యేమి? కావున క్షమను గూర్చి తెలిసికొన గోరువారు భూమిని గాక, నొప్పిపడిన మనుష్యులను చూడవలెను.

మన తెలుగున మఱియొక చక్కని మాట యున్నది: మన్నించుట. గౌరవించుట యనియు, తప్పు సైచుట యనియు ఈ మాటకు రెండర్థములు వాడుకలో నున్నవి. పెద్దలను మన్నింతుము, తప్పు చేసినవానిని మన్నింతుము. తప్పు చేసినవానిని మరల మనుష్యునిగా గౌరవించుటయే క్షమ యన్న భావము ఆ మాటలోనే యిమిడియున్నట్లు తోచును.

ఒడలికి తగిలిన గాయమునకు మందు పూయుదుము, కట్టు కట్టుదుము; కొన్ని దినములకు అది మానును. మనస్సునకు తగిలిన గాయ మట్లు కాదు. కాలు జాఱిన తీసికొనవచ్చును గాని నోరు జాఱిన తీసికొనలేమని సామెత. పదిమంది యెదుట నొకడాడిన యెగతాళి మాట, నమ్మిన మిత్రుడు చేసిన ద్రోహము, చేయని తప్పునకు ఇంటిలో పడిన నింద, ఇవి సంవత్సరములు గడచినను మనస్సులో మెదలుచునే యుండును. తలచుకొన్నప్పు డెల్ల గాయము క్రొత్తగా తగిలినట్లే యుండును. గాయపఱచినవాడు హాయిగా నిద్రించును. గాయపడినవాడు మేలుకొని యుండును. చుట్టుప్రక్కలవారు 'మఱచిపొమ్ము' అని సులభముగా చెప్పుదురు. మఱచుట మన చేతిలోని పని కాదు. నిజముగా మఱచినచో క్షమించుటకు మిగిలిన దేదియు లేదు గదా! జ్ఞప్తి యుండగనే చేయవలసిన పని క్షమ. ఆ పని యెంత కష్టమైనదో, దానిని చేయుట యెట్లో తెలుపు కథ యొకటి మహాభారతమున ఆదిపర్వమున కలదు.

లక్కయింటి మంటలనుండి తప్పించుకొన్న పాండవులు మాఱువేషములతో పాంచాలదేశమునకు పోవుచుండగా, గంగాతీరమున అంగారపర్ణు డను గంధర్వుడు వారి నెదిరించెను. అర్జునుని చేతిలో ఓడి, పిదప అతనికి మిత్రుడై పెక్కు కథలు చెప్పెను. అందు వసిష్ఠమహర్షి కథ యొకటి. దాయాదులు తమ్ము సజీవముగా దహింప జూచిరన్న బాధ ఆ సోదరుల మనస్సులలో ఇంకను పచ్చిగా నున్న సమయ మది. గంధర్వుడు ఆ కథను చెప్పుటకు అంతకంటె తగిన సమయము లేదు.

ఇక్ష్వాకువంశపు రాజు కల్మాషపాదుడు వేటనుండి తిరిగి వచ్చుచు ఒక యిఱుకు దారిలో నడచుచుండెను. ఆ దారి యొక్కనికి మాత్రమే చాలును. ఎదురుగా వసిష్ఠుని నూర్గురు కుమారులలో పెద్దవాడైన శక్తి వచ్చెను. "తొలగుము" అని రాజు, "దారి యిచ్చుట రాజధర్మము" అని మునికుమారుడు. ఇద్దరును కదలలేదు. రాజు కోపమాపుకొనలేక కొరడాతో కొట్టెను. శక్తి మండిపడి, "మనుష్యులను తిను రాక్షసుడవు కమ్ము" అని శపించెను. విశ్వామిత్రుని ప్రేరణచే ఒక రాక్షసుడును ఆ రాజు నావేశించెను. రాక్షసుడైన రాజు మొట్టమొదట తినినది శక్తినే. తరువాత వసిష్ఠుని తక్కిన కుమారులను గూడ ఒక్కొక్కరిని భక్షించెను. ఇంత వినాశమునకు మూల మొక యిఱుకు దారి. ఇద్దరిలో నెవడైనను నాలుగడుగులు వెనుకకు వేసియున్నచో ఈ కథయే లేకపోయెడిది.

వసిష్ఠుడు తపశ్శక్తి గలవాడు. విశ్వామిత్రుని వంశమును రూపుమాపగల సామర్థ్య మాయనకు కలదు. అయినను ఆయన ఆ తలంపు చేయలేదు. అట్లని దుఃఖింపకయు నుండలేదు. మేరుపర్వత శిఖరమునుండి క్రిందికి దుమికెను. దూదికుప్పపై పడినట్లు పడి బ్రతికెను. అగ్నిలో ప్రవేశించెను, అగ్ని కాల్చలేదు. మెడకు రాయి కట్టుకొని సముద్రమున పడెను. అలలు ఒడ్డునకు చేర్చెను. తన్ను తాను త్రాళ్లతో బంధించుకొని వఱదనదిలో దుమికెను; నది ఆ పాశములను త్రెంచి గట్టున విడిచెను. అందుచే దానికి విపాశ యని పేరు వచ్చెను. మొసళ్లతో నిండిన మఱియొక నదిలో పడబోగా, అది మహర్షిని చూచి భయపడి నూఱు పాయలుగా పాఱిపోయెను, అది శతద్రువు. పంజాబు దేశమున బియాస్, సట్లెజ్ అను పేర్లతో నేడు ప్రవహించుచున్న నదులు అవియే. క్షమించినవానికి దుఃఖ ముండదని యనుకొనువారు ఈ ఘట్టమును మరల మరల చదువవలెను. క్షమ గలవాడు రాయి కాడు. పగ తీర్చుకొనకుండుట వేఱు, నొప్పి లేకుండుట వేఱు.

చావును రాక, ఆశయు లేక ఆశ్రమమునకు మరలి పోవుచున్న వసిష్ఠునకు వెనుకనుండి వేదధ్వని వినవచ్చెను. తిరిగి చూడగా శక్తి భార్యయైన అదృశ్యంతి తన వెంట వచ్చుచుండెను. ఆ ధ్వని ఆమె గర్భమున నున్న శిశువుది. తన వంశము నిలిచియున్నదని యెఱిగి వృద్ధుడు మరణయత్నమును మానెను. ఇంతలో కల్మాషపాదుడు భయంకరాకారముతో మీదికి వచ్చెను. అదృశ్యంతి వణకిపోయెను. "భయపడకుము. ఇతడు రాక్షసుడు కాడు, రాజు" అని వసిష్ఠుడామె కభయ మిచ్చి, మంత్రజలము చల్లి, పండ్రెండేండ్లుగా పట్టియున్న ఆ శాపమునుండి రాజును విడిపించి, పోయి రాజ్య మేలుకొమ్మని పంపెను. ఎదుట నిలిచినవాడు తన నూర్గురు కొడుకులను తినినవాడు. అట్టివానియందు రాక్షసుని గాక రాజును చూచిన ఆ చూపులోనే మన్నించుట యను మాట యొక్క రెండర్థములును కలసియున్నవి.

కథ యిక్కడ ముగిసియున్నచో క్షమ మహర్షులకు మాత్రమే సాధ్యమని మనము పుస్తకము మూసివేయవచ్చును. కాని వ్యాసుడు కథను ముందునకు నడిపెను.

పుట్టిన శిశువునకు పరాశరుడని పేరు పెట్టిరి. ఆ బాలుడు వసిష్ఠునే తండ్రి యనుకొని, "నాయనా" యని పిలుచుచుండెను. ఒకనాడు తల్లి యెదుట అట్లు పిలువగా అదృశ్యంతి కన్నుల నీరు నిండెను. "నాయనా యని పిలువకుము. ఆయన నీ తాత. నీ తండ్రిని అడవిలో రాక్షసుడు తినివేసెను" అని చెప్పెను. ఆ మాట వినిన బాలుని హృదయము భగ్గున మండెను. లోకముల నన్నింటిని నాశనము చేసెదనని నిశ్చయించుకొనెను. గమనింపుడు: తండ్రిని చంపినది ఒక్కడు, బాలుడు దహింపదలచినది సమస్త లోకములను. మనోగాయము యొక్క స్వభావ మిదియే. ఒక స్నేహితుడు మోసగించిన, స్నేహితు లందఱును మోసగాండ్రే యనిపించును.

వసిష్ఠుడు మనుమని కోపగించుకొనలేదు, ధర్మోపన్యాసము చేయలేదు. ఔర్వుని కథ చెప్పెను.

పూర్వము కృతవీర్యు డను రాజు భృగువంశజులైన బ్రాహ్మణులకు విశేషముగా ధన మిచ్చెను. ఆయన గతించిన తరువాత అతని వంశమువారికి ధనము కావలసివచ్చి భార్గవుల నడిగిరి. కొందఱిచ్చిరి, కొందఱు భూమిలో పాతిపెట్టిరి. ఒక భార్గవుని యింట త్రవ్వగా దాచిన ధనము బయటపడెను. అంతట క్షత్రియులు కోపోద్రిక్తులై భార్గవులను వధించిరి. గర్భస్థ శిశువులను సైతము విడువలేదు. స్త్రీలు హిమాలయమునకు పాఱిపోయిరి. అందొక తల్లి తన గర్భమును తొడయందు దాచుకొనెను. ఆ సంగతి యెఱిగి క్షత్రియులు అచటికి రాగా, శిశువు తల్లి ఊరువును చీల్చుకొని సూర్యునివలె వెలుగుచు బయటికి వచ్చెను. ఆ తేజస్సునకు వారి కన్నులు పోయినవి. ఊరువునుండి పుట్టుటచే అతనికి ఔర్వుడని పేరు. గ్రుడ్డివారైన క్షత్రియులు శరణు వేడిరి. ఔర్వుడు దయ తలచి వారికి చూపు నిచ్చెను.

ఇచట మనము కొంచె మాగవలెను. శత్రువులు శరణన్నారు, అతడు క్షమించినాడు, వారు పోయినారు. అయినను అతని లోపలి మంట చల్లారలేదు. లోకసంహారమునకై అతడు ఘోరతపస్సు ప్రారంభించెను. నోటితో "క్షమించితిని" అనుట మొదలే గాని తుద కాదని ఈ యొక్క ఘట్టము చెప్పినంత స్పష్టముగా మఱే గ్రంథమును నాకు చెప్పలేదు. మీరును ఎవరినో క్షమించితిమని చెప్పి, రాత్రి పడుకొన్నపుడు మరల కోపము వచ్చుట యెఱిగియే యుందురు. అది మీ కపటము కాదు. ఔర్వునకును అట్లే జరిగెను.

అతని పితృదేవతలు, అనగా వధింపబడిన ఆ భార్గవులే, పితృలోకమునుండి దిగివచ్చి "నాయనా, కోపమును విడువుము" అనిరి. అప్పుడు ఔర్వుడు చెప్పిన సమాధానము తేలికగా త్రోసివేయదగినది కాదు. తల్లి గర్భమున నుండగనే తన తల్లుల రోదనము విన్నానని అతడనెను. అంత ఘోరము జరుగుచుండగా లోకములో ఒక్కడును అడ్డుపడలేదనియు, ఆపగలిగియు నాపనివాడు పాపములో పాలివాడే యనియు అనెను. తుదకు, "ఈ కోపమును పనికి వినియోగింపక లోపలనే యణచుకొందునేని, అరణిని అగ్ని దహించినట్లు అది నన్నే దహించును" అనెను. అరణి యనగా యజ్ఞములందు మథించి నిప్పు పుట్టించు కొయ్య. కొయ్యలో పుట్టిన నిప్పునకు మఱియొక యాహారము దొరకనిచో ఆ కొయ్యనే తినును.

పితృదేవతలు అతని మాటలు తప్పనలేదు. కోపము రాకూడదనియు అనలేదు. "దానిని నీలో నుంచుకొనకుము, లోకముపై విడువకుము. సముద్రమున విడువుము" అని మార్గము చూపిరి. ఔర్వుడట్లే చేసెను. ఆ కోపాగ్ని గుఱ్ఱపు ముఖము దాల్చి సముద్రజలములను త్రాగుచు అందే నిలిచెను. మనము బడబాగ్ని యని పిలుచుచున్నది అదియే.

ఈ కథయందలి సూక్ష్మము చూడుడు. నిప్పు ఆఱిపోయెనని వ్యాసుడు చెప్పలేదు. అది సముద్రగర్భమున ఉన్నది. కాని యెవ్వరిని కాల్చుట లేదు. జరిగిన అన్యాయము జరుగలేదని గాని, అది చిన్నదని గాని క్షమ చెప్పదు. ఆ నిప్పు ఏ నిరపరాధిమీద పడకుండ, దానిని పుట్టించిన హృదయమును గూడ కాల్చకుండ, దానికొక చోటు చూపును. ఆ చోటు మనకంటె పెద్దదై యుండవలెను. చిన్న కుండలో నిప్పు పోసిన కుండ పగులును. అందుచేతనే ఆధ్యాత్మిక జీవనము గడపినవారు తమ బాధను తమకంటె గొప్పదానియందు విడిచిరి. భక్తుడు భగవంతుని సన్నిధిని విడుచును; జ్ఞాని కర్తయు భోక్తయు తాను కానన్న విచారమున విడుచును. ఇవి యేవియు అబ్బనివాడు కనీసము నమ్మదగిన పెద్దవారియొద్ద మనసు విప్పి యేడ్చినను అదియు ఒక విధమైన కడలియే. జైనులు పర్యుషణ పర్వము ముగిసినపుడు ఆ సంవత్సరమున తెలిసియో తెలియకయో బాధించిన వారినెల్ల క్షమాపణ యడుగుదురు. అడుగుటలో నొక మేలు కలదు. తానును పరుల గాయపఱచినవాడనే యని తెలిసినవానికి, తన గాయము కొంత చిన్నదిగా కనబడును.

పరాశరు డీ కథ విని లోకసంహారమును మానెను. కాని పూర్తిగా శాంతింపలేదు. రాక్షసకులమునంతను దహించు సత్రయాగ మారంభించెను. ఎన్నడును ఎవ్వరికి కీడు చేయని రాక్షసులును అందు పడి మాడుచుండిరి. అప్పుడు పులస్త్యాది మహర్షులు వచ్చి, "ఏ పాపము నెఱుగనివారిని చంపుటలో నీకు సంతోష మేమి? నీ తండ్రియు తన శాపము చేతనే నశించెను గదా" అని వారించిరి. వసిష్ఠుడును ఒప్పించెను. పరాశరుడు యాగము మానెను. ఒక్కసారి చెప్పగనే మాఱినాడని వ్రాయక, సగము మాఱి, తడబడి, మరల చెప్పించుకొని మాఱినాడని వ్రాయుటయే ఈ కథకు విశ్వసనీయత నిచ్చుచున్నది. ఈ పరాశరుని కుమారుడే భారతమును రచించిన వ్యాసుడు. ఆ భారతమును వైశంపాయనుడు వినిపించినదియు, తండ్రి మరణమునకై సర్పజాతినంతను దహింపబూనిన జనమేజయుని సర్పయాగ సమయముననే. ఆ యాగమును ఆస్తీకు డను బాలముని యాపించెను.

అయినచో అన్యాయము చేసినవాని నెల్లప్పుడు విడిచిపెట్టవలసినదేనా? ఈ ప్రశ్న భారతమున ద్రౌపదియే యడిగెను. ద్వైతవనమున ధర్మరాజుతో వాదించుచు, ప్రహ్లాదుడు తన మనుమడైన బలికి చెప్పిన మాటలను ఆమె గుర్తు చేసెను: ఎల్లప్పుడు తేజస్సు మంచిది కాదు, ఎల్లప్పుడు క్షమయు మంచిది కాదు. ఎప్పుడును క్షమించువానిని సేవకులు సైతము లెక్కచేయరు. తెలియక చేసినవానిని, మొదటిసారి తప్పినవానిని సహింపవచ్చును. తెలిసి చేసి తెలియదని బొంకువానిని సహింపరాదు. ధర్మరాజు క్షమను కొనియాడుచు బదులు చెప్పెను. వారి వాద మాయడవిలో తెగలేదు. కాని యొక సంగతి స్పష్టము. బలవంతుడు బాధించుచున్నపుడు నోరు మూసికొని సహించుట క్షమ కాదు. అట్టి బాధ పడుచున్న బాలుడుగాని బాలికగాని వెంటనే పెద్దవారికి చెప్పవలెను. మనస్సులో పగ లేకుండుట వేఱు. తప్పును ఆపుట వేఱు. రెండును ఒకే మనుష్యుడు ఒకేసారి చేయవచ్చును.

ఇది పురాణకాలపు మాట యని మీ రనవచ్చును. మనకు దగ్గఱి కాలమున జరిగిన సంగతి యొకటి చెప్పెదను.

దక్షిణాఫ్రికాయందలి ట్రాన్స్‌వాల్‌లో 1907లో భారతీయులు వ్రేలిముద్ర లిచ్చి నమోదు కావలెనని చట్టము వచ్చెను. దాని నెదిరించి గాంధీజీ చెఱకు పోయెను. 1908 జనవరిలో జనరల్ స్మట్స్‌తో రాజీ కుదిరెను: భారతీయులు స్వచ్ఛందముగా నమోదు కావలెను, చట్టము రద్దగునని గాంధీజీ నమ్మెను. ఇది ద్రోహమని కొందఱు పఠానులు తలచిరి. వారిలో మీర్ ఆలం ఒకడు. అతడు పఱుపులు కుట్టించి అమ్ముకొను వర్తకుడు, ఆఱడుగుల దేహము, అంతకుముందు తన వ్యవహారములకై గాంధీజీ సలహా పొందినవాడే. ఫిబ్రవరి 10వ తేదీన జోహాన్స్‌బర్గులో గాంధీజీ నమోదు కార్యాలయమునకు పోవుచుండగా మీర్ ఆలం ఎదురై, ఎక్కడికి పోవుచున్నావని యడిగెను. సమాధానము ముగియకమునుపే తలపై దెబ్బ పడెను. గాంధీజీ "హే రామ్" అనుచు స్మృతి తప్పి పడిపోయెను. పడినవానిని ఇంకను కొట్టిరి, తన్నిరి. వెంట నున్న తంబి నాయుడు, యూసఫ్ మియా అడ్డుపడి తామును దెబ్బలు తినిరి.

తెలివి వచ్చిన వెంటనే గాంధీజీ మీర్ ఆలం ఎక్కడ నున్నాడని యడిగెను. పోలీసులు పట్టుకొనిరని చెప్పగా, వారిని విడిపింపవలెననెను. వారు తాము చేసినది న్యాయమనియే తలచిరనియు, తనకు వారిపై అభియోగము తెచ్చు కోరిక లేదనియు ప్రభుత్వ న్యాయాధికారికి తంతి పంపించెను. డోక్ అను క్రైస్తవ మతాచార్యుని యింట మంచముపై నుండియే, కుట్లు పడిన పెదవితో, తన వ్రేలిముద్రలు తానిచ్చెను. అయితే ఊరిలోని తెల్లవారు, నడివీథిలో జరిగిన నేరము గాంధీకి మాత్రమే సంబంధించినది కాదని వాదించుటచే, మీర్ ఆలం మరల పట్టుబడి మూడు నెలల శిక్ష పొందెను. న్యాయస్థానము తన పని తాను చేసెను. గాయపడినవాడు తన పని తాను చేసెను.

తరువాతి వృత్తాంతము మఱింత విచిత్రము. చట్టము రద్దు కాలేదు. స్మట్స్‌ను నమ్మరాదన్న విషయమున పఠానుల అనుమానమే నిజమైనది. గాంధీజీ మరల పోరాటమునకు పూనుకొనెను. 1908 ఆగస్టు 16వ తేదీన జోహాన్స్‌బర్గు హమీదియా మసీదు ఆవరణమున పెద్దసభ జరిగెను. రెండువేలకు పైగా నమోదు పత్రములను పెద్ద యినుప కడాయిలో వేసి, కిరసనాయిలు పోసి, నిప్పంటించిరి. ఆ సభకు మీర్ ఆలం వచ్చెను. తాను గాంధీని కొట్టుట తప్పని అందఱి యెదుట చెప్పి, తన పాత పత్రమును కాల్చుటకై ఇచ్చెను. గాంధీజీ అతని చేయి పట్టుకొని నొక్కి, తన మనస్సులో అతనిపై ఎన్నడును కోపము లేదని చెప్పెను.